కీర్తన 130:6లో ‘కనిపెట్టుచున్నది’ గురించి

ప్రశ్న: ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది.’ ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదలైతే నేను ఈ కీర్తనే చదువుకుంటాను. ఇక్కడ కనిపెట్టడమంటే ఎదురుచూడడమేనా? అయితే ఆ మాటే రాయొచ్చుగా? ఈ వాక్యం వెంటనే మళ్లీ ఎందుకు వచ్చింది?

జవాబు: కనిపెట్టడం అనగానే ఇప్పుడు మనకు శాస్త్రవేత్తలే గుర్తొస్తారు గానీ, ‘పిల్లాడు పడుకున్నాడు, కాస్త కనిపెట్టుకుని ఉండు’ అంటాం చూడండి, ఇక్కడి అర్థం దానికి దగ్గర. ఎదురుచూస్తూ వేరే పని చేసుకోవచ్చు, కునుకు కూడా తీయొచ్చు. కనిపెట్టుకుని ఉన్నవాడికి ఆ వీలు లేదు. యెషయా 40:31లో ‘యెహోవాకొరకు ఎదురుచూచువారు’ అనే ఉంది కాబట్టి, తెలుగు అనువాదకులకు ఆ మాట తట్టక కాదు. కావలివాడి పక్కన ఇదే అతికింది.

ఇక రెండుసార్లు రావడం. హీబ్రూలో ఈ వచనానికి క్రియ లేదు. ‘నా ప్రాణం ప్రభువు కోసం, ఉదయం కోసం కాచేవాళ్ల కంటే, ఉదయం కోసం కాచేవాళ్ల...’ ఇంతే. క్రియను అయిదో వచనం నుంచి అందుకోవాలి. మూలంలో తిరిగి వచ్చేది కావలివాళ్ల ముక్క ఒక్కటే, తెలుగులో వాక్యమంతా వచ్చింది. పైకి చదివి చూడండి, ఇంకా తెల్లవారని రాత్రి ఎంత పొడవో ఆ తిరగడంలోనే తెలుస్తుంది.

నన్ను బాగా పట్టేసే సంగతి ఇంకొకటి. కావలివాడికి చీకట్లో ఎంత టెన్షన్ ఉన్నా, తెల్లవారుతుందా లేదా అన్న అనుమానం మాత్రం ఉండదు. అతను తొందరపడితే పొద్దు ముందుగా పొడవదు, అలసిపోతే ఆగిపోదు. క్రైస్తవ నిరీక్షణకు ఇంతకంటే మంచి పోలిక నాకు దొరకలేదు. అయిదో వచనంలో ‘ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను’ అంటాడు కీర్తనకారుడు. ఆ ఆశ మన మనసు బాగున్నప్పుడు పుట్టి, బాగోనప్పుడు పోయేది కాదు, మాట ఇచ్చినవాణ్ణి పట్టుకుని నిలిచేది. కీర్తన మొదలయ్యేదే అగాధస్థలాల్లోంచి పెట్టిన మొరతో. అందుకే దుఃఖంలో ఉన్నవాళ్లు క్రిస్మస్ సందడికి దూరంగా ఉన్నా, ఆగమన కాలంలో వాళ్లకు చోటుంది. ఆ నాలుగు ఆదివారాలు క్రీస్తు పుట్టుకనే కాదు, ఆయన తిరిగి రావడాన్ని కూడా తలుచుకునేవి.

ప్రశ్న: కొత్త నిబంధనలో ఈ మాట ఇదే అర్థంతో ఉందా అండి?

జవాబు: ఉందండి, అదీ యేసు బాల్యపు కథలోనే. లూకా 2:25లో సుమెయోను అనే భక్తుడు ‘ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు’. బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాక అతను అనేది కూడా ‘నీ మాటచొప్పున’ అనే. 38వ వచనంలో ‘అన్న’ అనే ప్రవక్త్రి ఆ శిశువును గురించి చెప్పింది ఎవరికి? విమోచన కోసం ‘కనిపెట్టుచున్న వారందరితో’. అంటే అప్పటికే అలాంటివాళ్లు యెరూషలేములో మరికొందరు ఉన్నారన్నమాట.

ఒక్కటి మర్చిపోయాను. ఈ కీర్తనతో పాటు 121 కూడా చదవండి, రెండూ యాత్రకీర్తనలే (యెరూషలేముకు యాత్ర వెళ్లేటప్పుడు పాడుకునేవని చెప్పే కీర్తనలు). అక్కడి ‘ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు’లోని కాపాడువాడికీ, ఇక్కడి కావలివారికీ హీబ్రూలో ధాతువు ఒకటే.