కగోమేని తెలుగులో ఏమనాలి? "బుట్టకన్ను" అంటే సరిపోదా?

గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కగోమే లోహాల గురించి, అంటే పరమాణువులు బుట్ట అల్లికలా అమరిన లోహాల గురించి, తెలుగులో నాలుగు పేజీలు రాద్దామని కూర్చుని పేరు దగ్గరే ఆగిపోయాను. అది జపాన్ మాట. కగో అంటే బుట్ట, మే అంటే కన్ను. వెదురు బుట్టల అల్లికకున్న ఆ పేరే 1951లో ఇతిరో ష్యోజి వ్యాసంలో జాలకానికి, అంటే పరమాణువుల క్రమమైన అమరికకు, పేరైంది. "త్రిభుజ షడ్భుజ జాలకం" అని రాయడానికి నాకు మనసొప్పలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు కోళ్ళగంప తిరగేసి చూశాను. మూడు వైపుల నుంచి వచ్చిన వెదురు బద్దలు కిందా మీదా దూరుతూ మధ్యలో ఆరు మూలల కన్ను వదిలాయి. దాని చుట్టూ ఆరు చిన్న ముక్కోణాలు. బద్దలు కలిసిన ప్రతిచోటా ఒక పరమాణువును పెడితే అదే కగోమే. "బుట్టకన్ను జాలకం" అందామా?

— మాస్టారూ, మాది విజయవాడ. కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు సన్నకన్ను వల, పెద్దకన్ను వల అంటారు. మా అమ్మ జల్లెడ కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తిపట్టి, "కళ్ళు పెద్దవి, నూకంతా జారిపోతుంది" అని పక్కన పెట్టేసేది. సంస్కృతంలో గవాక్షమన్నా ఆవు కన్నే కదా. మాట బాగుంది. కానీ కన్నంటే ఖాళీ. సరుకంతా బద్దల్లో ఉంటే ఖాళీ పేరు పెట్టడం న్యాయమేనా?

— న్యాయమేనండీ. నాకు ఆ మాట నచ్చిందే అందుకు. ఎలక్ట్రాన్‌ను తరంగంగా తీసుకోండి. కన్ను చుట్టూ ఉన్న ఆరు మూలల్లో అది ఒకచోట ఎగువకు, పక్కచోట దిగువకు, అలా మార్చి మార్చి ఉందనుకుందాం. బయటి ముక్కోణం కొనకు రెండు మూలల నుంచీ చేరే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బయటికి దారి లేక ఎలక్ట్రాన్ ఆ కన్ను చుట్టూనే ఉండిపోతుంది. చదరపు గళ్ళ జాలకంలో ఇలా జరగదు. అసలు పదార్థాల్లో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు గానీ, మూలం ఇదే.

2019లో వెలుగు చూసిన సీసియం, వనేడియం, యాంటిమొనీల సమ్మేళనం అలాంటి కగోమే లోహమే. పొరలు పొరలుగా ఉంటుంది. వనేడియం పరమాణువులు బుట్ట అల్లిక, పొరకీ పొరకీ మధ్య సీసియం. ప్రతి కంటి నడుమా ఒక యాంటిమొనీ పరమాణువు, కంటిపాపలా! చదివినప్పుడు నాకెంత సంతోషమేసిందో. దాన్ని 94 కెల్విన్ల కిందికి, అంటే సున్నా సెల్సియస్‌కు 179 డిగ్రీల దిగువకు చల్లబరిస్తే వనేడియం పరమాణువులు కాస్త జరిగి, పొరలో రెండు దిక్కులా రెట్టింపు దూరానికోసారి తిరగబడే కొత్త నమూనా ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ల ఆవేశం కూడా అదే నమూనాలో సర్దుకుంటుంది కాబట్టి ఆవేశ క్రమం అనేది దీన్నే. ఎందుకలా సర్దుకుంటాయన్న దానిమీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. 2.5 కెల్విన్ల దగ్గర అదే పదార్థం అతివాహకం కూడా అవుతుంది, అంటే నిరోధమే లేకుండా విద్యుత్తును పోనిస్తుంది.

— అయ్యా, "ఆవేశ క్రమం" మటుకు వద్దు. "ఆవేశపడకురా" అనే మనిషికి అది కోపాల వరసలా వినపడుతుంది. విన్యాసం అనండి.

— ఆవేశం గురించి మీరన్నది నిజం, విద్యుదావేశం అని పూర్తిగా రాస్తాను. విన్యాసం కుదరదండీ. ఎలక్ట్రాన్ విన్యాసం అని ఇంటర్ పుస్తకాల్లో వేరే అర్థంలో స్థిరపడింది, పిల్లలు తికమకపడతారు. బారు అందామనుకున్నాను గానీ, బారంటే ఒకే వరస. ఇది పొరంతా పరుచుకున్న నమూనా. "విద్యుదావేశ క్రమం" అనే ఉంచుతున్నాను.

బుట్టకన్ను సంగతి ఇంకా తేల్చలేదు. ఆదివారం మా పేటలో గంపలల్లే మేదరాయన దగ్గరికి వెళ్తున్నాను. ఈ అల్లికకు వాళ్ళింట్లో పేరుంటే నా మాట కొట్టేసి అదే రాస్తాను.