నాన్నగారి మరణానంతరం కుటుంబ పెన్షన్: అమ్మ పేరులో తేడా

ప్రశ్న (టెక్కలి నుంచి): సైన్యంలో హవల్దారుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు గత నెలలో తన 57వ ఏట కాలం చేశారు. డిశ్చార్జి పుస్తకంలో అమ్మకు ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో పూర్తి పేరు ఉండటంతో కుటుంబ పెన్షన్ పని ఆగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలుపగలరు. చెల్లెలు ఈ ఏడాదే బీటెక్‌లో చేరింది.

జవాబు (విజయనగరం, మాజీ సైనికుడు): ముందుగా శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పేరు సవరించవలసినది నాన్నగారి రెజిమెంటుకు చెందిన రికార్డు ఆఫీసే గనుక, అఫిడవిట్, ఆధార్, డిశ్చార్జి పుస్తకం, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకళ్లను సంక్షేమాధికారి ద్వారా అక్కడికి పంపించడం మేలు. సవరణ కాకుండా రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో ఎన్నిసార్లు దరఖాస్తు చేసినా తిరిగి వస్తుంది. మా వదినగారి విషయంలో అలా రెండుసార్లు జరిగింది. మంజూరయ్యాక మొదటి ఏడేళ్లు పెంచిన రేటు, అంటే నాన్నగారి పెన్షన్‌కు మించకుండా చివరి జీతంలో సగం, ఆ తరువాత 30 శాతం వస్తుంది. ఏటా జీవన ప్రమాణ పత్రం (లైఫ్ సర్టిఫికెట్) ఇవ్వడం మరువకండి.

జవాబు (రాజాం): చెల్లెలికి ఇంటర్‌లో 60 శాతం మార్కులుంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కేంద్రీయ సైనిక బోర్డు పోర్టల్‌లో దరఖాస్తు చేయించండి. ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయలు ఇస్తారు. మొదటి సంవత్సరంలోనే చేయాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. సోమవారం అమ్మను తీసుకుని శ్రీకాకుళం వెళ్తున్నాను.