విదేశీ యువతతో నిజమైన సాంస్కృతిక వినిమయం జరపాలంటే ఊరి యువజన సంఘం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: యువజన సంఘం కార్యదర్శి, అనకాపల్లి జిల్లా

అందరికీ నమస్కారం. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు దగ్గరి పల్లె మాది. లక్క బొమ్మల వల్ల ఆ ఊరి పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా సంఘంలో ఇరవై ఆరుగురం ఉన్నాము. డిగ్రీ చదువుతున్నవారు, విశాఖలో ఉద్యోగం చేస్తూ వారానికొకసారి ఇంటికి వచ్చేవారు, అంకుడు కర్ర చెక్కే ఇళ్ల పిల్లలు ఇద్దరు, వ్యవసాయం చేసుకునేవారు కొందరు. రక్తదాన శిబిరాలు, సంక్రాంతి కబడ్డీ పోటీలు, చెరువు గట్టు మీద మొక్కలు నాటడం, ఇవీ ఇంతవరకు మేము చేసిన పనులు.

గత ఏడాది విదేశీ విద్యార్థుల బృందం ఒకటి మా ఊరికి వచ్చింది. మేము నాలుగు రోజుల ముందు నుంచే ఏర్పాట్లు చేశాము. పూలదండలు వేశాము, బొట్టు పెట్టాము, చిన్నపిల్లల చేత కోలాటం ఆడించాము, బొమ్మలు బహుమతిగా ఇచ్చాము. వాళ్లు చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు, రెండు గంటలు గడిచాక బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కుర్చీలు సర్దుతుండగా, లేత్ మిషన్ మీద పనిచేసే మా మిత్రుడు, "ఇంతకీ వాళ్లలో ఒక్కరి ఊరి పేరైనా మనలో ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

వేరే దేశపు యువతతో మేము నిజంగా మాట్లాడుకోవాలని, ఒకరి బతుకు ఒకరికి తెలియాలని కోరుకుంటున్నాము. అయితే మాలో చాలామందికి ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గాని మాట్లాడటానికి నోరు రాదు. డబ్బు అసలే లేదు. అనుభవమున్నవారు దారి చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

మీ మిత్రుడు మంచి ప్రశ్న వేశాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను, అందులో కొన్నేళ్లు బడిలో యునెస్కో క్లబ్ నడిపాను. యునెస్కో అంటే విద్య, విజ్ఞానం, సంస్కృతి కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ; దాని ఆశయాల కోసం మామూలు మనుషులు పెట్టుకునే సంఘాలే ఈ క్లబ్బులు. అందువల్ల ఆ క్లబ్బులు ఎలా పుట్టాయో ముందు చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే మీకున్న సందేహాలకు ఆ కథలోనే కొంత సమాధానం ఉంది.

ప్రపంచంలో మొట్టమొదటి యునెస్కో క్లబ్ 1947 జూలై 19న జపాన్‌లోని సెండాయ్ నగరంలో ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందే, 1945 జూలైలో జరిగిన వైమానిక దాడిలో ఆ నగరం నడిబొడ్డు కాలి బూడిదైంది. దేశం ఇంకా పరాయి సైన్యం ఆధీనంలోనే ఉంది. జపాన్‌కు యునెస్కోలో సభ్యత్వమైనా లేదు. అది 1951లో గాని రాలేదు. యుద్ధాలు మనుషుల మనసుల్లోనే పుడతాయి కాబట్టి శాంతికి కోటలు కట్టవలసింది కూడా ఆ మనసుల్లోనేనని చెప్పే యునెస్కో రాజ్యాంగం వాళ్లను కదిలించింది. ప్రభుత్వం చేరేదాకా ఆగుదామనుకోకుండా, ఓడిపోయిన దేశంలోని ఒక కాలిపోయిన ఊరి పౌరులు తమంతట తామే కూడి సంఘం పెట్టుకున్నారు. వాళ్ల చేతిలోనూ డబ్బు లేదు, విదేశీ అతిథులూ లేరు.

ఇంకొక సంగతి మీ ఊరివారికి మరీ దగ్గరిది. సెండాయ్ ఉన్న మియాగి ప్రాంతంలోనే నరుకో అనే వేడినీటి బుగ్గల ఊరు ఉంది. అక్కడ కొకేషి అనే కర్ర బొమ్మలు తరతరాలుగా చేస్తున్నారు. వాటికి చేతులు, కాళ్లు ఉండవు. గుండ్రని తల, నిలువు మొండెం, అంతే. వాటినీ మీ బొమ్మల్లాగే తిరిగే కర్ర మీద ఉలి పట్టి చెక్కుతారు. తలను మొండెంలో బిగించే పద్ధతి వల్ల, నరుకో బొమ్మ తల తిప్పితే కీచుమని చిన్న చప్పుడు వస్తుంది. మీ దగ్గర తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. వాళ్లేమో ముఖాన్ని, పువ్వులను సన్నని కుంచెతో దిద్దుతారు. ఒకే రకం పనిముట్టు ముందు కూర్చున్న రెండు ఊళ్లవారు ఇంతవరకు ఒకరినొకరు పలకరించుకోకపోవడం నాకు వెలితిగా తోస్తుంది.

అందుచేత మీరు "విదేశీయులు" అని గంపగుత్తగా వెతకవద్దు. ఒక ఊరిని ఎంచుకోండి. మీ లేత్ మిషన్ పని మొదటి నుంచి చివరి వరకు ఫోనులో చిత్రీకరించి, ఒక ఉత్తరం జతచేసి, అటువైపు బొమ్మలు చేసే యువకులకు పంపండి. మనకు సాయంత్రం నాలుగయితే వాళ్లకు ఏడున్నర అవుతుంది, కాబట్టి రెండు వైపులా పని ముగిశాక వీడియోలో కలుసుకోవడం కష్టం కాదు. పని చేసే చేతులు కనబడుతుంటే సగం మాటల అవసరం ఉండదు.

జవాబు 2: జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో చదువుతున్న తెలుగు విద్యార్థిని

మాస్టారు గారు చెప్పినదానికి భాష విషయంలో నా అనుభవం కొంత కలుపుతాను. నేనుండే ఊరు ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లోనే ఉంటుంది. ఫ్రాన్స్, జర్మనీలు డెబ్బై అయిదేళ్లలో మూడు సార్లు యుద్ధం చేసుకున్నాయి. 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ ఎలిజే ఒప్పందం అనే స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అదే సంవత్సరం జూలైలో రెండు ప్రభుత్వాలూ కలిసి ఫ్రాన్స్ జర్మనీ యువజన కార్యాలయాన్ని స్థాపించాయి. ఇప్పటివరకు 90 లక్షల మందికి పైగా యువత ఆ కార్యాలయం ద్వారా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వెళ్లి వచ్చారు. ఊరి ఫుట్‌బాల్ జట్లు, బడులు, సంగీత బృందాలు, చేతివృత్తులు నేర్చుకునే పిల్లలు అందరూ వాళ్లలో ఉన్నారు. ఇక్కడ నాకు బాగా నచ్చినది ఏమిటంటే, రెండు వైపుల బృందాలు ఇంచుమించు సమానంగా ఉండేలా చూస్తారు, ఒకసారి వాళ్ల ఊళ్లో కలిస్తే మరొకసారి వీళ్ల ఊళ్లో కలుస్తారు. ఒకరు ఎప్పుడూ అతిథి, ఇంకొకరు ఎప్పుడూ వంటవారు అయ్యే పరిస్థితి రాదు.

పోయిన వేసవిలో అటువంటి శిబిరం ఒకదానిలో సహాయకురాలిగా పనిచేశాను. మొదటి రోజు ఉపన్యాసం లేదు. ఒక గుడ్డ సంచిలో చెంచా, తాళం, ఉల్లిపాయ, దువ్వెన వంటి వస్తువులు వేశారు. ఒక్కొక్కరూ కళ్లు మూసుకొని ఒకటి తీసి, దాని పేరు తన భాషలో చెప్పాలి. పక్కవారు తమ భాషలో చెప్పాలి. తరువాత అందరూ రెండూ పలకాలి. నన్ను కూడా పిలిచారు. నేను "ఉల్లిపాయ" అన్నాను. పదహారేళ్ల ఫ్రెంచి అబ్బాయి ఆ మాట పట్టుబడేదాకా అయిదారు సార్లు పలికాడు, ఆ తరువాత వారం రోజులూ నన్ను చూసినప్పుడల్లా అదే మాటతో పలకరించాడు. ఈ పద్ధతిని ఇక్కడ చాలా శ్రద్ధగా నేర్పుతారు. వ్యాకరణం రాకపోతే మాట్లాడకూడదనే భయం మొదటి గంటలోనే పోతుంది. మీరు కర్ర, లక్క, ఉలి వంటి మాటలతో ఇదే చేయవచ్చు. అందరూ ఇంగ్లీషులోకే వెళ్లిపోతే మీ లేత్ మిషన్ మిత్రుడు గది చివర మౌనంగా కూర్చుంటాడు, ఇంగ్లీషు బాగా వచ్చిన ఇద్దరే సంఘమంతటి తరఫున మాట్లాడతారు. అలా జరగనివ్వకండి.

నాలుగో రోజు అందరం ఫ్రాన్స్‌లోని వోజ్ పర్వతాల్లో ఉన్న హార్ట్‌మన్స్‌విలర్‌కోప్ఫ్ అనే యుద్ధభూమికి వెళ్లాము. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఒక్క కొండ కోసం వేలాది మంది చనిపోయారు. 2017లో రెండు దేశాలూ కలిసి అక్కడ ప్రదర్శనశాల తెరిచాయి. కొండ దిగి వచ్చాక ఒక జర్మన్ అమ్మాయి, తన ముత్తాత జర్మన్ల వైపు కందకంలో ఉన్నాడని ఇంట్లో ఎవరూ చెప్పుకోరని అన్నది. ఎదురుగా కూర్చున్న ఫ్రెంచి అమ్మాయి వెంటనే ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం తనే లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. మొదటి మూడు రోజుల ఆటలు, వంటలు, ఉల్లిపాయలు లేకపోతే ఆ మాట బయటికి వచ్చేది కాదని నా నమ్మకం.

జవాబు 3: గృహిణి, నల్లగొండ జిల్లా

నేను చదువుకున్నదానికంటే మా ఇంట్లో చూసినదే చెప్తాను. చాలా ఏళ్ల కిందట మా ఊళ్లో బడి గోడ కట్టడానికి అంతర్జాతీయ శ్రమదాన శిబిరం జరిగినప్పుడు, ఇద్దరు విదేశీ ఆడపిల్లలు రెండు వారాలు మా ఇంట్లో ఉన్నారు. ఈ శిబిరాల సంప్రదాయం 1920లో పియేర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన మొదలుపెట్టినదని అప్పుడే తెలుసుకున్నాను. ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఎన్ అనే పల్లెలో ఇళ్లు తిరిగి కట్టడానికి ఆయన తీసుకువెళ్లిన బృందంలో జర్మన్లు కూడా ఉన్నారు. ఊరివారిలో కొందరికి అది మింగుడు పడలేదు, కొన్ని నెలలకే పని ఆపి వెళ్లిపోవలసి వచ్చింది. అయినా ఆయన మానలేదు. 1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చినప్పుడు మన దేశానికీ వచ్చి, తోటివారితో కలిసి అక్కడ ఊళ్లు తిరిగి కట్టే పనిలో దిగారు. మాటలు కాదు చేతలు అన్నది ఆ శిబిరాల నుంచి పుట్టిన సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నినాదం. ఆ పిల్లలు నిజంగానే పొద్దున ఆరింటికి ఇటుకలు మోసేవారు, మా పిల్లలూ వాళ్లతోపాటు మోసేవారు.

ఒక సాయంత్రం అందరం అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాము. వారిలో చిన్నమ్మాయి కిటికీ మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసును చూపించి, అది అక్కడ విడిగా ఎందుకు ఉందని అడిగింది. అది మా ఇంట్లో పని చేసే ఆమెకు చాయ్ పోసే గ్లాసు. మాట తర్జుమా చేయవలసిన మా అబ్బాయి నా ముఖం చూశాడు. "అలవాటు" అని చెప్పమన్నాను. వాడు చెప్పలేదు. నేనే నిజం చెప్పాను, కొంత ఇంగ్లీషులో, కొంత చేతులతో. ఆ అమ్మాయి నన్ను తప్పు పట్టలేదు. తన దేశంలో రోమా అనే, ఐరోపాలో ఎంతోకాలంగా వివక్షకు గురవుతున్న ప్రజల పిల్లల పక్కన కూర్చోవద్దని తన అమ్మమ్మ చెప్పేదని, చాలా ఏళ్లు తనూ కూర్చోలేదని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ గ్లాసు తీసుకువెళ్లి మిగతా గ్లాసుల్లో కలిపేశాను. పనికి వచ్చిన ఆమె దాన్ని వెతికి, కనపడక, ఏం చేయాలో తెలియక నిలబడింది. ఏ గ్లాసైనా తీసుకోమన్నాను. ఆమె తీసుకోవడానికి మరో నాలుగు రోజులు పట్టింది.

కోలాటం ఆడించవద్దని నేను అనను. మన పాట, మన ఆట వాళ్లు తప్పక చూడాలి. కాని మన ఇంట్లో మనకే కనపడని గ్లాసు గురించి పరాయి పిల్ల అడిగినప్పుడు నిజం చెప్పగలగాలి. ఎదుటివారిని కూడా అలాగే, మర్యాద తప్పకుండా అడగగలగాలి. దానికి రెండు గంటలు చాలవు, ఒకే కప్పు కింద కొన్ని రోజులు గడవాలి.

జవాబు 4: ఆడిటర్ కార్యాలయ ఉద్యోగి, విజయవాడ

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. మీ సంఘం ఇంకా రిజిస్టరు కాకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేయించుకోండి. కనీసం ఏడుగురు సభ్యులు చాలు. విదేశాల నుంచి వచ్చే విరాళం ఒక్క రూపాయి అయినా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా తీసుకోరాదు. స్నేహంగా పంపినా, కార్యదర్శి సొంత ఖాతాలో వేసినా నేరమే అవుతుంది. అందుకని మొదటి కొన్నేళ్లు ఎవరి ఖర్చు వారే పెట్టుకునే పద్ధతి మేలు. అతిథులు ఇళ్లలో బస చేస్తే, వచ్చిన 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. హోటళ్లకే కాదు, ఇంటివారికీ ఈ బాధ్యత ఉంది. వాళ్లు చేయబోయే పనికి వాళ్ల వీసా అనుమతిస్తుందో లేదో టిక్కెట్లు కొనకముందే చూసుకోమనండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు పాల్గొంటే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరిగా తీసుకోండి, ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టడానికి విడిగా అడగండి.

ప్రశ్న అడిగినవారి మాట

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి సంఘం సమావేశంలో మీ జవాబులన్నీ పైకి చదివాము. కొకేషి బొమ్మల చిత్రాలు ఫోనులో చూసి మా లేత్ మిషన్ మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తల అలా కీచుమనాలంటే మెడ దగ్గర కర్ర ఎలా కోయాలో ఊహించి కాగితం మీద గీసి చూపించాడు. మొదటి ఉత్తరంలో పంపేది ఆ గీతే అని నిర్ణయించాము. తను ఊహించింది సరైనదో కాదో వాళ్లే చెప్పాలి.

అమ్మగారు రాసిన గ్లాసు సంగతి చదివాక కొంతసేపు గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒకరు సభ్యుల పట్టిక తెరిచి పేర్లు వరసగా చదివారు. ఇరవై ఆరుగురిలో ఆడపిల్లలు ముగ్గురే. చెరువు అవతలి వీధి నుంచి ఒక్కరు కూడా లేరు. వేరే దేశం పిల్లలను పిలవాలని అనుకుంటున్న మేము ఆ వీధివాళ్లను కబడ్డీకి తప్ప ఎన్నడూ పిలవలేదు. ఈ ఆదివారం ఆరుగురం అక్కడికి వెళ్తున్నాము. వాళ్లు వస్తామంటే ఉత్తరం వాళ్లతో కలిసి కూర్చొనే రాస్తాము, రాసిన తెలుగు ప్రతిని ఇక్కడ పెడతాను. జపనీస్ తెలిసినవారు ఎవరైనా దాన్ని చూసి, మాటలు సరిదిద్ది సాయం చేయగలిగితే దయచేసి ఇక్కడే తెలియజేయండి.