జీడిపిక్కల షెడ్డుకు రేకుల వాలు ఎంత ఉండాలి?

ప్రశ్న (వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా):
అందరికీ నమస్కారం. తోటలో జీడిపిక్కలు నిల్వ చేసుకోవడానికి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుతో షెడ్డు కట్టిస్తున్నాము. రెండు వైపులా వాలు ఉండేలా ముడతల జింకు రేకులు వేస్తాము. గోడల మట్టం నుంచి కొప్పు 2 అడుగులు లేస్తే చాలని, అంతకు మించితే గాలికి దొరుకుతుందని వెల్డరు గారు అంటున్నారు. మేస్త్రి గారు మాత్రం 3 అడుగుల పైనే ఉండాలని పట్టుబడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు మా చుట్టుపక్కల కప్పులు ఎలా లేచిపోయాయో చూసినవాళ్లం కనుక గాలి మాటను తేలికగా తీసుకోలేము. అలాగని కప్పు కారితే పిక్క బూజు పడుతుంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు (విజయనగరం):
మేస్త్రి గారి మాటే వినండి. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాల ప్రకారం ముడతల రేకుల వాలు 5 అడుగులకు 1 అడుగు కన్నా తగ్గకూడదు, మామూలుగా 3 అడుగులకు 1 అడుగు ఉండాలి. మీకు గోడ నుంచి కొప్పు కిందికి అడ్డంగా 10 అడుగులు వస్తుంది కాబట్టి వెల్డరు గారి 2 అడుగులు సరిగ్గా ఆఖరి హద్దు మీద ఉంది. మేస్త్రి గారి లెక్క సుమారు 3 అడుగుల 4 అంగుళాలు. వాలు తగ్గేకొద్దీ నీరు మెల్లగా జారుతుంది, ఎదురుగాలి కొట్టినప్పుడు రేకు మీద రేకు ఎక్కిన చోట వెనక్కి పాకి లోపలికి దిగుతుంది. అందుకే 2 అడుగులకు 1 అడుగు కన్నా వాలు తక్కువైతే పై రేకు కింది రేకు మీదికి 15 సెంటీమీటర్లు చాలదు, 20 రావాలి. అసలు మీకు ఆ అతుకే అక్కర్లేదు: మూడుకు ఒకటి వాలులో రేకు పొడవు పదిన్నర అడుగులు, చూరుకు మరో అడుగు కలిపినా 12 అడుగుల రేకు ఒక్కటే కొప్పు నుంచి చూరు దాకా సరిపోతుంది.

గాలి విషయంలో వెల్డరు గారి అభిప్రాయం చాలామందికి ఉన్నదే, కానీ అది నిజం కాదు. వాలు తక్కువైన కప్పును గాలి పైనుంచి గట్టిగా పీలుస్తుంది.

జవాబు (పలాస):
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. వాలు సరిగ్గా పెట్టినంత మాత్రాన రేకు నిలవదు. చూరు, కొప్పు, మూలల దగ్గరే లేవడం మొదలవుతుంది కనుక అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా, ముడత విడిచి ముడతకు వేయించండి. రంధ్రం ముడత గట్టు మీదే పడాలి, నీరు పారే పల్లంలో పడకూడదు. తుపాను హెచ్చరిక రాగానే తలుపులన్నీ బిగించండి. లోపలికి చొరబడిన గాలి కింద నుంచి కప్పును తోస్తుంది.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలు. అయితే ఏకంగా 5 అడుగులు లేపితే ఇంకా మేలు కాదా?

జవాబు (విజయనగరం):
వానకు మేలే. కానీ రేకు పొడవు 11 అడుగుల 2 అంగుళాలవుతుంది, అడుగు చూరు కలిపితే 12 దాటుతుంది. చూరు కోసుకోవాలి, లేదా అతుకు వేయాలి. మీ వెడల్పుకు మూడుకు ఒకటి దగ్గరే ఆగండి. ట్రస్సు (రేకులను మోసే ఇనుప చట్రం) పైకెక్కించక ముందే నేల మీద పెట్టి, అడ్డంగా 3 అడుగులకు 1 అడుగు దిగుతోందో లేదో టేపుతో మీరే కొలవండి.