శ్రీలంకలో ధరలు తగ్గాయా, తగ్గలేదా?

భీమవరం మాస్టారు:
2022 సెప్టెంబరులో కొలంబో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు పెరిగిన శాతం, 69.8. ఆహార పదార్థాలదైతే 94.9. ఏడాది తిరిగేసరికి మొత్తం అంకె 1.3కు వచ్చింది. 2024 సెప్టెంబరులో సున్నా కంటే కిందకు, మైనస్ 0.5కు దిగింది. అక్కడి కేంద్ర బ్యాంకు 2022 ఏప్రిల్‌లో వడ్డీ రేట్లను ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచింది. గట్టిగా పట్టుకుంటే ధరలు దిగివస్తాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఉండి కౌలుదారు:
దిగివచ్చాయని ఎవరు చెప్పారు మాస్టారూ? 2021లో 100 రూపాయలున్న సరుకు 2022లో 170 అయింది. మరుసటి ఏడు 172. ఆ తరువాత 171. వందకు తిరిగి వచ్చిందా?

భీమవరం మాస్టారు:
నేను చెప్పింది ద్రవ్యోల్బణం గురించి. మాటలు పట్టుకుని వేలాడకండి.

ఉండి కౌలుదారు:
‘ధరలు దిగివస్తాయి’ అన్నది మీరే. పైన ఉంది, చదువుకోండి. గోదావరి ధవళేశ్వరం దగ్గర పెరగడం ఆగిందంటే మా చేలో నీళ్లు తీసినట్టు కాదు.

అంబాజీపేట కొబ్బరి:
ధర పెరిగితే లోకమంతా ఏడుస్తుందంటారు. కాయ రేటు పెరిగిన రోజు మా మార్కెట్‌లో ఒక్కరూ ఏడవలేదు.

భీమవరం మాస్టారు:
సరే, మాట మార్చుకుంటాను: పెరుగుదల ఆగింది. అసలు ఎందుకు పెరిగిందో చూడండి. 2019 చివర పన్నులు తెగ్గోశారు, విలువ ఆధారిత పన్ను 15 నుంచి 8 శాతానికి. ఖజానా ఖాళీ అయితే నోట్లు అచ్చువేశారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. డాలరుకు 200 ఉన్న వారి రూపాయి రెండు మూడు నెలల్లో 360కి పడిపోయింది. గోధుమ పిండి, పాలపొడి, గ్యాసు అన్నీ డాలర్లతో కొనేవే కదా.

ఉండి కౌలుదారు:
ఎరువుల సంగతి వదిలేశారే? 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేశారు. నవంబరులో వెనక్కి తీసుకున్నారు కానీ అప్పటికే అదను పోయింది. బియ్యం పండించుకునే దేశం బియ్యం కొనుక్కుంది. ఎరువు లేకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొన్న సార్వాలో (ఖరీఫ్‌లో) యూరియా కట్ట ఇవ్వాలంటే అక్కర్లేని పురుగుమందు సీసా కూడా కొనాలన్నాడు దుకాణదారు. కొన్నాను. అది ఇంకా చూరులోనే ఉంది.

భీమవరం మాస్టారు:
మీ చూరులో సీసాకూ కొలంబోకూ ఏమిటి సంబంధం?

ఓడలో వంటవాడు:
2022లో మా ఓడ కొలంబోలో ఆగింది. పెట్రోలు బంకు దగ్గర ఆటోల వరుస మలుపు తిరిగి కనిపించనంత దూరం ఉంది. ఒక డ్రైవరు వెనక సీటులో దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. మూడో రోజట. మీ శాతాల్లో ఆ మూడు రోజుల కూలి ఎక్కడ రాస్తారు?

ఉండి కౌలుదారు:
అదే నేనూ అడిగేది. వడ్డీ అంత పెంచినప్పుడు అప్పు తెచ్చి చిన్న కొట్టు పెట్టుకున్నవాడు ఏమయ్యాడు? సూచీ చల్లబడింది, వాడి పొయ్యీ చల్లబడింది.

భీమవరం మాస్టారు:
అప్పు తెచ్చినవారి మీదే అందరికీ జాలి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి కూడబెట్టినవాడి మాటేమిటి? లంకలో నాలాంటి మాస్టారు బ్యాంకులో వేసుకున్న పది లక్షలు ఏడాదిలో ఆరు లక్షల సరుకు కూడా కొనలేని స్థితికి వచ్చాయి. దొంగ పడలేదు, ఎవరి మీదా కేసు లేదు. నా భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. నాకు ఆ డిపాజిట్టే ఆధారం.

ఉండి కౌలుదారు:
అమ్మగారి సంగతి నాకు తెలుసు, ఆ మాట వేరు. కానీ మీకు పింఛను మీద కరువు భత్యం ఉంది. పైగా మూడెకరాల కౌలు బస్తాల్లో తీసుకుంటారు. ధాన్యం ధర పెరిగితే మీ కౌలూ దానితోపాటే పెరుగుతుంది. వానకు చేను పడిపోయినా ఎకరాకు పద్దెనిమిది బస్తాలు కొలవాల్సిందే. ఇక ద్రవ్యోల్బణం మిమ్మల్ని ఎక్కడ కొడుతుంది?

భీమవరం మాస్టారు:
కరువు భత్యం బకాయి పడి ఎంతకాలమైందో మీకేం తెలుసు? అయినా నాకు మూడెకరాలని మీకెవరు చెప్పారు?

ఉండి కౌలుదారు:
వచ్చే దాళ్వాకు (రబీకి) కౌలు రొక్కంలో రాసుకుందామని ఉగాదికి అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు. ఇప్పుడు అర్థమైంది ఎందుకు చెప్పలేదో.

భీమవరం మాస్టారు:
నువ్వా అబ్బాయీ! రొక్కం తీసుకుని నేనూ ఆ లంక మాస్టారిలా కూర్చోవాలా? ఇది ఇక్కడ మాట్లాడేది కాదు. ఆదివారం ఇంటికి రా.

ఉండి కౌలుదారు:
వస్తాను. పడిన చేను ఫోటోలు కూడా తెస్తాను.

అంబాజీపేట కొబ్బరి:
ఇంతకీ శ్రీలంక సంగతి తేలిందా?