‘జున్ను, ఊరగాయ శాండ్‌విచ్’: ఈ అనువాదం నిలుస్తుందా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

సభ్యులకు నమస్కారం. ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. అందులో ఇంగ్లండులోని చిన్న ఊరి బడిపంతులు మధ్యాహ్నం కాగితం పొట్లం విప్పి ‘చీజ్ అండ్ పికిల్ శాండ్‌విచ్’ తింటాడు. మొదటి ప్రతిలో ‘జున్ను, ఊరగాయ శాండ్‌విచ్’ అని రాశాను. నిఘంటువు చూస్తే రెండు మాటలూ సరైనవే. మా అత్తగారు చదివి, ‘జున్నులో ఆవకాయ నంజుకుంటారా వాళ్లు?’ అని అడిగారు. అప్పటి నుంచి ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇక్కడ పికిల్‌ను తెలుగులో ఏమనాలి? తెలిసినవారు చెప్పండి.

జవాబు (బర్టన్, ఇంగ్లండ్ నుంచి)

అమ్మా, తప్పులు రెండూ మీ అత్తగారి ప్రశ్నలోనే దొరికాయి. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

జున్ను సంగతి తొందరగా తేలిపోతుంది. మనకు జున్ను అంటే ఈనిన ఆవు, గేదె తొలి రోజుల్లో ఇచ్చే పాలలో బెల్లం, మిరియాలు వేసి కాస్తే గడ్డకట్టేది. పంతులుగారి రొట్టెలో ఉన్నది బహుశా చెడ్డర్. పాలను విరిచి, నీరు పిండి, నెలల తరబడి మాగబెట్టిన గట్టి ముక్క అది. చీజ్ అన్న మాట ఇవాళ తెలుగువాళ్లందరికీ తెలుసు. దాన్ని అలాగే ఉంచండి.

చిక్కంతా పికిల్‌తోనే. నేను ఉండే బర్టన్ పక్కనే బ్రాన్‌స్టన్ అనే ఊరు ఉంది. 1922లో క్రాస్ అండ్ బ్లాక్‌వెల్ కంపెనీ అక్కడ ఒక పికిల్ తయారు చేసి, దానికి ఆ ఊరి పేరే పెట్టింది. ఈ దేశంలో చీజ్ పక్కన పికిల్ అన్న మాట వస్తే ఆ సీసాలోదో, అలాంటిదో అనుకోవాలి. క్యారట్, ఉల్లిపాయ, కాలీఫ్లవర్, స్వీడ్ అనే దుంప చిన్న చిన్న పలుకులుగా తరిగి ఉంటాయి. వాటి చుట్టూ వెనిగర్, పంచదార, ఖర్జూరం కలిసిన చిక్కటి ముదురు గోధుమరంగు గుజ్జు. చెంచాతో తీస్తే జారదు, రొట్టె మీద కుప్పగా నిలుస్తుంది. కొరికినప్పుడు ముందు చీజ్ మెత్తగా నలుగుతుంది, తర్వాత పలుకు కరకరమంటుంది, చివరికి తీపి మీదుగా పులుపు తగులుతుంది. మిరపకారం లేదు, పైన తేలే నూనె లేదు. అయినా ముద్దపప్పుకు ఆవకాయ చేసే పనినే చెడ్డర్‌కు ఇది చేస్తుంది. వెన్న లాంటి కమ్మదనం నోటికి వెగటు పుట్టకుండా మధ్యలో ఒక పులుపు.

ఇప్పుడు మాట పుట్టుక. పికిల్ ఇంగ్లీషులోకి డచ్చి వైపు నుంచి వచ్చింది. అక్కడి పాత మాట ‘పెకెల్’కు అర్థం ఉప్పునీరు. అంటే మొదట అది ముక్క పేరు కాదు, ముక్క మునిగి ఉండే నీటి పేరు. మాగాయ పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో మూడు రోజులు ఉంచితే అడుగున నీరు చేరుతుంది కదా. ముక్కలు పిండి ఒక పక్క ఎండబెడతారు, ఆ నీటిని ఇంకో పక్క ఎండలో పెడతారు. దాన్ని మనం ఊట అంటాం. పికిల్ అంటే తొలి అర్థంలో ఆ ఊటే. ఇంగ్లీషు మాట ఊట దగ్గర మొదలై ముక్క మీదికి జరిగింది. మన మాటలో ఊరడమూ కాయా మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. ఊట, ఊరు, ఊరగాయ, నోరూరు – ఈ మాటల వరుసను తలచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

కాబట్టి నిఘంటువు ‘ఊరగాయ’ అని ఇవ్వడం తప్పు కాదు. వాక్యంలో పెట్టగానే మాత్రం తెలుగు పాఠకుడికి ఎర్రటి నూనె, ఆవపిండి ఘాటు గుర్తుకొస్తాయి. పంతులుగారి పొట్లంలో అవి లేవు.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

బర్టన్ నుంచి రాసినవారి మాటకు ఒకటి జోడిస్తాను. కథ అమెరికాలో జరిగి ఉంటే పికిల్ పూర్తిగా వేరే వస్తువు. ఇక్కడ విడిగా పికిల్ అంటే కీరదోసకాయే. నేను వచ్చిన తొలి వారం శాండ్‌విచ్ కొట్టులో ‘పికిల్ కావాలా’ అని అడిగితే ఎంతో ఆశగా అవునన్నాను. నిలువునా చీల్చిన, పచ్చటి, తడి ఓడుతున్న కీరదోస చెక్క ఒకటి పక్కన పెట్టారు. ఆ రోజు బెంగగా తిన్నాను. ఇప్పుడు అది లేకపోతే పాస్ట్రామీ (మసాలా పట్టించి పొగబెట్టిన గొడ్డుమాంసం) శాండ్‌విచ్ తిన్నట్టే ఉండదు.

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులు వీటిని పీపాల్లో ఊరబెట్టి అమ్మేవారు. ఉప్పునీరు, వెల్లుల్లి, డిల్ ఆకు, అంటే మన సోయకూర. వెనిగర్ అక్కర్లేదు, ఉప్పునీటిలో కాయ తనంతట తానే పులుస్తుంది. కొద్ది రోజులే ఉంచితే ‘హాఫ్ సవర్’, లోపల ఇంకా పచ్చిగా, కరకరలాడుతూ ఉంటుంది. వారాల తరబడి ఊరితే ‘ఫుల్ సవర్’, రంగు మారి నిండా పులుపెక్కుతుంది. అక్షరాలా చూస్తే ఇది ఊరిన కాయ. ‘ఊరగాయ’ అన్న పేరుకు బ్రాన్‌స్టన్ కంటే ఇదే దగ్గర!

తరిగి తీపి కలిపినదాన్ని ఇక్కడ పికిల్ అనరు, ‘రెలిష్’ అంటారు. హాట్ డాగ్ మీద వేస్తారు. మరో మాటతోనూ జాగ్రత్త. అమెరికా పిల్లలు వేరుశనగ వెన్నతో రొట్టెకు రాసుకునే ‘జెల్లీ’ వడకట్టిన పండ్లరసాన్ని పంచదారతో ఉడికించి పేరబెట్టింది. ఇంగ్లండులో జెల్లీ అంటే గిన్నెలో వణికే తీపి వంటకం. అనువదించేముందు రచయిత ఏ ఒడ్డువాడో చూసుకోవాలి.

ప్రశ్న (వరంగల్ నుంచి)

మా వైపు ఊరగాయను తొక్కు అంటాం. అది ఇక్కడ పెడితే ఇంకా దూరమవుతుంది, తెలుసు. ‘పచ్చడి’ అంటే ఎలా ఉంటుందండీ? ముక్కలుగా తరిగినదే కదా.

జవాబు (బర్టన్ నుంచి)

ఆలోచించదగ్గ సూచనే. కానీ పచ్చడి అనగానే ఇంగ్లీషువారి మరో మాట ‘చట్నీ’ అడ్డం వస్తుంది. హిందీలో నాకడం అనే క్రియ నుంచి పుట్టిన ఆ మాట ఇంగ్లండు చేరాక, పండ్లను వెనిగర్, పంచదారలతో ఉడికించిన తియ్యటి గుజ్జుకు పేరైంది. ఇక్కడి భారతీయ హోటళ్లలో అప్పడాలతో పాటు ఒక పళ్లెం తెస్తారు. అందులో మామిడి చట్నీ తియ్యగా ఉంటుంది, నిమ్మకాయ పికిల్ కారంగా ఉంటుంది. అంటే మధ్యాహ్నం చీజ్‌తో పికిల్ తిన్న మనిషే రాత్రి హోటల్లో అచ్చమైన మన ఊరగాయనూ పికిల్ అనే పిలుస్తాడు. మాట ఒకటే, పక్కనున్న వస్తువును బట్టి అర్థం. 18వ శతాబ్దపు ఇంగ్లీషు వంట పుస్తకాల్లో ‘ఇండియా పికిల్’ అని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది అందుకే అనిపిస్తుంది. పసుపు, ఆవాలు వేసిన కూరముక్కల వెనిగర్ పికిల్ అది. ఇప్పటి పేరు పికలిల్లీ.

నా సలహా: పికిల్‌ను పికిల్‌గానే ఉంచి, వాక్యంలోనే దాని రుచి చెప్పండి. అడుగున వివరణ మాత్రం వద్దు. తింటున్న మనిషిని వదిలేసి పాఠకుడు పేజీ అడుగుకు వెళ్లకూడదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: ‘పంతులుగారు పొట్లం విప్పారు. రొట్టెల మధ్య చీజ్, దాని మీద తియ్యగా పుల్లగా ఉండే కూరముక్కల పికిల్.’ అత్తగారికి చదివి వినిపిస్తే, ‘బెల్లం ఆవకాయ లాంటిదన్నమాట’ అన్నారు.

ఇంకొక్కటి. తర్వాతి పేజీలో ఇదే పంతులు ‘బేకన్ బటీ’ మీద ‘బ్రౌన్ సాస్’ వేసుకుంటాడు. అదేమిటి?

జవాబు (బర్టన్ నుంచి)

కారం, నూనె తీసేస్తే అత్తగారి పోలిక దగ్గరగానే ఉంది.

బేకన్ అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం. బటీ అంటే వెన్న రాసిన రొట్టె. ‘బటర్’ నుంచే వచ్చింది, ఉత్తర ఇంగ్లండు వాడుక. బ్రౌన్ సాస్‌లో పేరున్నది హెచ్‌.పి. నాటింగ్‌హామ్ పచారీ వ్యాపారి గార్టన్ 1895లో ఆ పేరు నమోదు చేయించాడు. సీసా మీద పార్లమెంటు భవనం బొమ్మ ఉంటుంది. లోపల టమాటా, వెనిగర్, ఖర్జూరంతో పాటు చింతపండు కూడా ఉంటుంది. కథలో ‘బ్రౌన్ సాస్’ అనే ఉంచండి. అత్తగారికి మాత్రం చింతపండు సంగతి తప్పకుండా చెప్పండి.