ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (ఎలక్ట్రిక్ గిటార్) పార్టులు: ఏ దశకానిది ఏ దశకానికి పడుతుంది?

తోటపాలెం_తీగ (విజయనగరం)
గిటార్: 70ల నమూనాలో కొత్తగా చేసిన రీఇష్యూ స్ట్రాట్. పెద్ద హెడ్, మూడు బోల్టుల మెడ, హెడ్ దగ్గర బుల్లెట్ నట్ ఉన్న ట్రస్‌రాడ్ (మెడ వంపు సరిచేసే కడ్డీ), 7.25 అంగుళాల రేడియస్ (ఫ్రెట్లున్న బోర్డు అడ్డ వంపు), ఆరు స్క్రూల ట్రెమోలో (ఊగే బ్రిడ్జి). వాయించేది సగం సినిమా పాటలు, సగం రాగాలు. 12వ ఫ్రెట్ దాటాక సన్న తీగ లాగితే నోటు మధ్యలోనే చచ్చిపోతోంది. 9.5 రేడియస్ మెడ, 60ల రకం పికప్పులు (తీగ మోత పట్టే అయస్కాంతపు చుట్లు) వేద్దామని ఆలోచన. ఏవి నేరుగా కూర్చుంటాయి, ఎక్కడ డ్రిల్లు పట్టాలి?

నాగావళి_ఫ్రెట్ (శ్రీకాకుళం)
మెడ కొనకముందు ఉన్న మెడ కొలవండి మాస్టారూ. నోటు చావడం మెడ చెడిపోయి కాదు. 7.25 బోర్డు అడ్డంగా బాగా ఉబ్బుగా ఉంటుంది. తీగని పక్కకి లాగితే అది ఉబ్బు మధ్యకి ఎక్కి ముందు ఫ్రెట్‌కి తగులుతుంది. ఎత్తు మరీ తగ్గించేసిన గిటార్లన్నిటికీ ఇదే జబ్బు.

మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలు నొక్కిపట్టే బిగింపు) పెట్టి, మోటు ఇ తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 8వ ఫ్రెట్ మీద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) దూర్చండి. 7.25 బోర్డుకి 0.3 మి.మీ. ఉండాలి. 9.5 నుంచి 12 వరకు రేడియస్‌లకి 0.25 చాలు. ఆ తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు: మోటు వైపు 2.0, సన్న వైపు 1.6. ఇది ఫ్యాక్టరీ లెక్క. గమకాలకి సన్న వైపు 1.8 పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ చస్తుంటే 12 పైన ఫ్రెట్ల నడిమి భాగాన్ని కొద్దిగా రాయించి పాలిష్ పెట్టించాలి. మెడ మార్చడం ఆఖరి మాట.

బుల్లెట్ నట్‌కి 1/8 అంగుళం ఎలన్ కీ, అంటే 3.2 మి.మీ. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 3 మి.మీ. కీ దూర్చి తిప్పితే లోపలి మూలలు గుండ్రమైపోతాయి, ఇక ఏ కీ పట్టదు. ఒకసారికి పావు చుట్టే. సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) స్క్రూలకి 0.050 అంగుళం కీ, చవక దిగుమతి బ్రిడ్జిలకి 1.5 మి.మీ.

నాగావళి_ఫ్రెట్ (శ్రీకాకుళం)
ఇక దశకాల సంగతి. పార్టులకి పనికొచ్చేవరకే.

1954లో వచ్చినప్పుడు యాష్ బాడీ, ఒకే ముక్క మేపుల్ మెడ, 21 ఫ్రెట్లు, ఎనిమిది స్క్రూల పిక్‌గార్డ్, మూడు స్థానాల స్విచ్. 1956లో బాడీ చాలావరకు ఆల్డర్‌కి మారింది. 1959లో రోజ్‌వుడ్ బోర్డు, పదకొండు స్క్రూల గార్డ్. ఆ బోర్డు మొదట అడుగు చదునుగా మందంగా ఉండేది, 1962లో పల్చని వంపు పొర అయింది. 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ ఫెండర్ కంపెనీని కొంది, ఆ ఏడాది చివర్లో హెడ్ పెద్దదైంది. 1971లో మూడు బోల్టులు, మైక్రో టిల్ట్ (మెడ కోణం సరిచేసే స్క్రూ), బుల్లెట్ నట్. ఆ ఏడాది చివర్లోనే వంచిన ఉక్కు సాడిళ్లు పోయి పోత సాడిళ్లు, పోత బ్లాక్ (ట్రెమోలో కింది లోహపు దిమ్మ) వచ్చాయి. 1977లో అయిదు స్థానాల స్విచ్. అంతకుముందు వాయించేవాళ్లు లివర్‌ని రెండు స్థానాల మధ్య ఆపి ఆ ముక్కు గొంతు తెచ్చుకునేవారు. 1985లో సీబీఎస్ అమ్మేసింది. ఆ వెంటనే వచ్చిన అమెరికన్ స్టాండర్డ్‌తో 22 ఫ్రెట్లు, 9.5 రేడియస్, రెండు స్తంభాల ట్రెమోలో.

ఇన్ని మారినా స్కేలు మాత్రం 25.5 అంగుళాలే, 648 మి.మీ. కాబట్టి ఏ దశకం మెడైనా ఏ దశకం బాడీ మీదైనా శ్రుతి కుదురుతుంది. తకరారంతా బోల్టుల దగ్గర, బ్రిడ్జి దగ్గర.

గార_రోడ్ (శ్రీకాకుళం)
మూడు బోల్టులే తీసేయాల్సిన దరిద్రం కదా? మెడ పక్కకి జరిగిపోతుంది, సన్న తీగ అంచు దాటిపోతుంది.

నాగావళి_ఫ్రెట్ (శ్రీకాకుళం)
నింద బోల్టుల మీద, నేరం పాకెట్‌ది (బాడీలో మెడ కూర్చునే గాడి). ఆ రోజుల్లో పాకెట్లు వదులుగా కోసేవారు, నాలుగు బోల్టులేసినా జరిగేదే. మెడ పక్కన విజిటింగ్ కార్డు దూరుతోందా చూడండి. దూరకపోతే మూడు బోల్టులు చాలు. పైగా మైక్రో టిల్ట్ ఉంటే మెడ కింద ముక్కలు పెట్టే పని లేదు. బోల్టులు కాస్త వదులు చేసి, ప్లేట్ కంతలోంచి చిన్న స్క్రూ తిప్పి కోణం సరిచేసుకుని మళ్లీ బిగించడమే. బిగింపు విప్పకుండా ఆ స్క్రూ తిప్పితే మాత్రం మెడ మడమ దగ్గర చెక్క నలుగుతుంది.

తోటపాలెం_తీగ (విజయనగరం)
నాలుగు బోల్టుల మెడ తెచ్చి ఈ బాడీకి వెయ్యాలంటే?

బొబ్బిలి_పనస
వెయ్యొచ్చు, కానీ వడ్రంగం ఉంది. బాడీలో పాత కంతలకి గట్టి చెక్క డోవెల్ కొట్టి వడ్రంగి జిగురుతో మూసి, ఒక రోజు వదిలేయాలి. కొత్త మెడ పెట్టి, రెండు ఇ తీగలూ బిగించి, అవి బోర్డు అంచులకి సమానంగా ఉన్నాయో లేదో చూసి అప్పుడే గుర్తు పెట్టాలి. ముందే డ్రిల్లు పట్టేసి తర్వాత తీగలు కట్టేవాళ్లే ఎక్కువ, అక్కడే వంకర వస్తుంది. మేపుల్ మెడలో పైలట్ కంత 3.2 మి.మీ. బాడీలో కంత 4.8, స్క్రూ అందులో వదులుగా జారాలి, మెడని మాత్రమే కొరకాలి. రెండు చోట్లా కొరికితే మెడకి బాడీకి మధ్య సన్న సందు మిగిలిపోతుంది, ఎంత బిగించినా మూసుకోదు. స్క్రూకి కొవ్వొత్తి మైనం రాయండి. సబ్బు వద్దు, తేమ పట్టి తుప్పెక్కిస్తుంది.

22 ఫ్రెట్ల మెడైనా మడమ పాత కొలతే, బోర్డు మాత్రం ముందుకి పొడుచుకొస్తుంది. తర్వాత పిక్‌గార్డ్ విప్పాలంటే మెడ వదులు చేస్తే గానీ రాదు.

గార_రోడ్ (శ్రీకాకుళం)
ఎలాగూ ఇంత పని పెట్టుకుంటే గొల్లపల్లి వీణల్లాగ పనస చెక్కలో బాడీ చేయించేస్తే పోలా?

బొబ్బిలి_పనస
చేయించొచ్చు, వీణ లెక్క వేరు, ఇది వేరు. వీణ కుండని ఉలితో తొలుస్తారు, అక్కడ అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వాద్యం తప్పు పట్టదు. ఇక్కడ మెడ పాకెట్ 16 మి.మీ. లోతు, అడుగు సమతలం, అది రౌటర్, టెంప్లేట్ పని. పలక 45 మి.మీ. మందం, కనీసం 460 × 350, బాగా ఆరినది. పచ్చి పనస అయితే ఎండాకాలంలో పాకెట్ విచ్చుకుంటుంది. ఇంకో మాట: బోర్డుకి రోజ్‌వుడ్ కావాలని వెతుక్కునేవాళ్లకి, 60ల నడిమి తర్వాత ఆ మెడల మీద ఎక్కువగా వాడింది మన ఇరుగుడు చెక్కే.

కంటోన్మెంట్_సోల్డర్ (విజయనగరం)
పికప్పుల దగ్గరికి వస్తా. 60ల రకంలో అయస్కాంతపు కడ్డీలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. మూడో తీగ చుట్టు తీగగా ఉన్న రోజుల కొలత అది, అందుకే జి కడ్డీ పైకి ఉంటుంది. ఇప్పటి సాదా మూడో తీగతో జి అరుస్తుంది, బి మూలుగుతుంది. ఆ కడ్డీని సుత్తితో కిందకి కొట్టకండి, లోపల వైరు నేరుగా దాని మీదే చుట్టి ఉంటుంది, తెగితే పికప్ పోయినట్టే. 1974 తర్వాత అన్నీ సమం చేశారు. సమం కడ్డీలు 7.25 బోర్డు మీద పెడితే నడిమి తీగలు కొంచెం తగ్గుతాయి, 9.5 మీద బాగుంటాయి. రాగాలకి నా ఓటు సమం వాటికే. ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదకి వెళ్లేటప్పుడు స్వరం ఎగుడుదిగుడు కాకూడదు.

ఎత్తు: చివరి ఫ్రెట్ నొక్కి, కడ్డీకి తీగకి మధ్య మోటు వైపు 2.4, సన్న వైపు 2.0 మి.మీ. దగ్గరైతే అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో ఒకే నోటు రెండు శ్రుతుల్లో ఊగుతున్నట్టు వినిపిస్తుంది. జనం దాన్ని ఇంటొనేషన్ (తీగ పొడవు లెక్క) తప్పనుకుని సాడిళ్లు వెనక్కీ ముందుకీ తిప్పుతూ కూర్చుంటారు.

వేర్వేరు సెట్లు కలిపితే స్విచ్ 2, 4 స్థానాల్లో గొంతు సన్నగా, బోలుగా వస్తే ఫేజ్ తిరగబడినట్టు. నడిమి పికప్ రెండు వైర్లూ అటుదిటు మార్చండి, కవర్ ప్లాస్టిక్ కాబట్టి ఇబ్బంది లేదు. పాత పద్ధతిలో మూడూ ఒకే దిశలో చుట్టినవి, ఆ స్థానాల్లో కూడా హమ్ (గుయ్‌మనే రొద) పోదు. హమ్ పోవాలంటే నడిమిది తిరగచుట్టు, తిరగ అయస్కాంతం ఉన్నది అడగండి.

పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పేవి) 250 కె. చవక దిగుమతి గిటార్ గార్డ్‌లో కంతలు చిన్నవి, అమెరికా పాట్‌కి 9.5 మి.మీ. దాకా రీమర్‌తో వెడల్పు చెయ్యాలి. నాబ్ పళ్లు కూడా వేరు, పాతది బలవంతంగా నొక్కితే చీలుతుంది.

కళింగపట్నం_గాలి
సముద్రం గాలి తగిలే ఊళ్లలో ముందు పోయేది సాడిల్ స్క్రూలు. కుట్టుమిషన్ ఆయిల్ అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క, ఎక్కువైంది తుడిచేయాలి. 50లు, 60ల రీఇష్యూల్లో నైట్రో పాలిష్ ఉన్నవి రబ్బరు స్టాండ్ మీద వదలొద్దు, మెత్తబడి మచ్చ పడుతుంది. నూలు గుడ్డ చుట్టండి. పాలియెస్టర్ వాటికి ఆ భయం లేదు.

కంటోన్మెంట్_సోల్డర్ (విజయనగరం)
సిరిమాను రోజుల్లో జనరేటర్ మీద నడిచే స్టేజీలకి ఒకటి చెప్పాలి. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే, అవి ట్రెమోలో క్లా (వెనక స్ప్రింగులు పట్టే ప్లేట్) వైరు ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ముట్టుకుంటే పెరిగినా, చిమచిమలాడినా ఆపేయండి. వాయించే ముందు మల్టీమీటర్ ఏసీలో పెట్టి మైకు జాలీకి, తీగకి మధ్య కొలవండి. రెండు మూడు వోల్టులు దాటితే పాడేవాడి పెదవి మైకుకి తగలకూడదు.

తోటపాలెం_తీగ (విజయనగరం)
కొలిచాను. 8వ ఫ్రెట్ దగ్గర సందు (రిలీఫ్) 0.15, సన్న వైపు 1.3. బ్రిడ్జిలో రెండు చివరి స్క్రూల మధ్య 56.4. మెడ పక్కన కార్డు దూరలేదు.

నాగావళి_ఫ్రెట్ (శ్రీకాకుళం)
మెడ కొనకండి. రాడ్ పావు చుట్టు వదులు చేసి, 0.3 వచ్చాక సన్న వైపు 1.8కి లేపండి. 56.4 అంటే పాత వెడల్పు బ్రిడ్జి, అక్కడ పెట్టాల్సింది పాత వెడల్పు పికప్పే. 52.4 సన్న రకం బ్రిడ్జి కొనేస్తే ఆ కంతల్లో పడదు.

గమకాలకి ట్రెమోలో తేలుతూ ఉంచొద్దు. ఒక తీగ లాగితే బ్రిడ్జి ముందుకి వంగి మిగతా తీగల శ్రుతి దిగుతుంది, పక్కన షడ్జమం మోగుతుంటే చెవికి గుచ్చుకుంటుంది. వెనక మూత తీసి, బ్లాక్‌కి బాడీకి మధ్య గట్టి చెక్క ముక్క బిగువుగా పెట్టి, క్లా స్క్రూలు రెండూ సమానంగా ఇంకో రెండు చుట్లు బిగించండి. తీగ తెగినా మిగతావి కదలవు.

తోటపాలెం_తీగ (విజయనగరం)
చెక్క ముక్క ఎంత మందం?

నాగావళి_ఫ్రెట్ (శ్రీకాకుళం)
గిటార్ గిటార్‌కీ మారుతుంది. బ్రిడ్జి ప్లేట్ బాడీ మీద చదునుగా ఆనేలా పట్టుకుని, బ్లాక్‌కి రెండు వైపులా ఉన్న సందులు కొలవండి. ముక్క ఒక్కొక్కటి అర మి.మీ. ఎక్కువ కోయించి, ఉప్పుకాగితం మీద అరగదీస్తూ దింపండి.